కూలికిచ్చిన దిద్దుబాటు

వేసవి సమీపించునప్పటికి భీమవరమున రెండు సందడులు పుట్టును. ఒకటి చెరువుగట్లమీద రొయ్యల పట్టుబడుల సందడి. రెండవది కళాశాలల చుట్టునున్న టైపు దుకాణములలో సిద్ధాంతవ్యాసముల సందడి. మొదటిదానిని గూర్చి మాటలాడనివారు ఈ పట్టణమున లేరు. కౌంటెంత, ధరయెంత యని కాఫీహోటలులో ముక్కుమొగము తెలియనివారిని సైతము అడుగుదురు. రెండవదానిని గూర్చి నోరు విప్పువారు కానరారు. మన పిల్లలు వ్రాయు శాస్త్రవ్యాసముల యాంగ్లమును ఎవరు దిద్దుచున్నారు, ఎట్లు దిద్దుచున్నారు, దిద్దినపిదప అందులో మన పిల్లల మాట యెంత మిగులుచున్నది అను ప్రశ్నలను చదువుకొన్న గృహస్థులు ఎన్నడో వేసికొనవలసియుండెను. వేసికొనలేదు గనుక మేము వేయుచున్నాము.

మా బంధువర్గమున నొక యమ్మాయి జంతుశాస్త్రమున ఎమ్మెస్సీ చదివినది. తండ్రి ఉండి సమీపమున వెనామీ రొయ్య పెంచును. 2009లో మన దేశమున ఆ జాతికి అనుమతి లభించినది మొదలు ఈ డెల్టాలో ఎన్ని వరిచేలు చెరువులైనవో పాఠకులకు చెప్పనక్కరలేదు. చెరువునీటిలో అమ్మోనియా పెరిగినప్పుడు రైతులు జియోలైటు పొడిని బస్తాలకొలది చల్లుదురు. ఆ పొడి నిజముగా పనిచేయునా లేదా యనునదే ఆ బాలిక యెన్నుకొనిన విషయము. ఈ ప్రశ్న పుస్తకములలో పుట్టినది కాదు, ఇంట భోజనముల వేళ పుట్టినది. నాలుగు మాసములు వేకువజామున లేచి, తమ చెరువులు రెండు, ఇరుగుపొరుగువారి చెరువులు మూడు, మొత్తము అయిదు చెరువుల నీటిని సీసాలకెత్తి పరీక్షించినది. వ్రాసినది. గైడుగారి చేతికిచ్చినది. ఆయన నాలుగు పుటలు త్రిప్పి, "ఇంగ్లీషు బాగులేదమ్మా, దిద్దించుకొని రా" అనిరి.

పాఠకులు ఆ క్రియను గమనింపవలయును. "దిద్దుకొని రా" యని ఆయన అనలేదు. "దిద్దించుకొని రా" అనిరి. నడుమ నున్న ఆ "ఇంచు" అను ప్రత్యయములో మన యున్నతవిద్యకు పట్టిన జాడ్యమంతయు ఇమిడియున్నది. బట్టలు కుట్టించుకొందుము, ఇల్లు కట్టించుకొందుము; అందు తప్పులేదు. కాని తాను చూచినదానిని తాను చెప్పుటను మరియొకరిచేత చేయించుకొనుట యెట్లు? ఆ గైడుగారు దుర్మార్గులు కారు. ఆయనయు అట్లే దిద్దించుకొని వచ్చినవారై యుందురు. ఆంగ్లవ్యాకరణమనగా వ్యాసము ముగిసినపిదప పైన పూయు సున్నమని, ఆ సున్నము వేయుటకు వేరే కూలివారు కలరని ఆయనకు నేర్పిన లోకమే ఆయనచేత ఆ మాట పలికించినది.

బాలిక దుకాణమునకు పోయినది. దుకాణదారుడు పుటకింత యని బేరమాడి రెండు పనులు చేసి పెట్టెను. మొదటిది, వ్యాసమునంతయు ఒక యంత్రమునకు మేతవేసి నున్నని యాంగ్లముగా తిరుగ వ్రాయించుట. రెండవది, పోలికశాతము తగ్గించుట. ఈ రెండవదానిని గూర్చి ముందుగా చెప్పి వదలుదుము, ఏలన దీనిలో విచారము కన్న హాస్యమెక్కువ.

యు.జి.సి. యని మనమందరము పిలుచు సంఘము 2018లో గ్రంథచౌర్యనివారణకు నిబంధనలు ప్రకటించెను. పరుల రచనలతో పోలిక పదిశాతము లోపల నున్నచో శిక్షలేదు. పది మొదలు నలువది వరకున్నచో ఆరుమాసములకు మించని గడువులో సవరించి తేవలయును. ఆపైని శిక్షలు క్రమముగా పెరుగును. ఉద్దేశము మంచిదే. కాని మనవారికి దొంగతనముపై గాక శాతముమీదనే దృష్టి నిలిచినది. శాతము తగ్గవలెనన్న మాటలు మారవలెను. మాటలు మారవలెనన్న పర్యాయపదములు కావలెను. దుకాణదారుని యంత్రము "పాండ్ కల్చర్" అను మాటను పట్టుకొని "లేక్ సివిలిజేషన్" అని మార్చెను. రొయ్యల పెంపకము సరస్సు నాగరికతయైనది! మొహంజోదారో తరువాత ఉండియే యని మేము నవ్వితిమి గాని ఆ బాలికకు నవ్వు రాలేదు.

ఇది మన యూరి వింత మాత్రమే కాదు. 2021లో గియోమ్ కబానక్, సిరిల్ లబ్బే, అలెగ్జాండర్ మగజినోవ్ అను మువ్వురు పండితులు ప్రపంచమున అచ్చైన శాస్త్రపత్రికలను గాలించి, ఇట్టి మాటలను ప్రోగుచేసి, చిత్రవధకు గురియైన పదబంధములని వానికి పేరుపెట్టిరి. కృత్రిమమేధను తెలుపు ఆంగ్లపదము "కౌంటర్‌ఫీట్ కాన్షస్‌నెస్" అయినదట, అనగా దొంగచైతన్యము. రొమ్ముకాన్సరును తెలుపు మాట "బుజమ్ పెరిల్" అయినదట, అనగా ఎదగండము. వీనిని వ్రాసినవారును, పరిశీలించి అచ్చునకు ఒప్పుకొనినవారును చదువుకొన్నవారే. మనవారి విషయమున మరింత దుఃఖకరమైన సంగతి యేమన, యు.జి.సి. వారి నిబంధనలలోనే సామాన్య పారిభాషికపదములను, ప్రమాణసమీకరణములను, ఉల్లేఖించి పేరు చెప్పిన వాక్యములను పోలికలెక్కనుండి మినహాయింపవలెనని స్పష్టముగా నున్నది. "పాండ్ కల్చర్" అను మాటను మార్చవలసిన యగత్యమే లేదు. నిబంధనను చదివినవారు లేరు. శాతమును చదివినవారే యందరును.

ఇక మొదటి పనికి వత్తము. సరస్సు నాగరికతను ఎవరైనను పట్టుకొందురు. పట్టుకొనలేనిది నున్నని యాంగ్లము. యంత్రము తిరుగ వ్రాసిన వ్యాసమున వ్యాకరణదోష మొక్కటియు లేదు. చదువుటకు హాయిగా నున్నది. ఆ బాలిక దానిని ఇంటికి తెచ్చి, ఆంగ్లము రాని తండ్రికి తెలుగున చెప్పి వినిపించుచుండగా మేమును అక్కడనే యుంటిమి. "ప్రతివారము చెరువునుండి నీరు తీసితిమి" అని ఆమె చదివినది. తండ్రి వెంటనే, "ఏ చెరువమ్మా?" అనెను.

ఆమె తొలిప్రతిలో "వాటర్ వాజ్ కలెక్టెడ్ ఫ్రమ్ పాండ్" అని వ్రాసియుండినది. తెలుగున ఉపపదములు లేవు గనుక మన పిల్లలు "ఎ" యనియు "ది" యనియు వ్రాయుట మరతురు; ఇది మనవారందరికిని ఉన్న అలవాటే. యంత్రము ఆ లోపమును కనిపెట్టి "ఫ్రమ్ ది పాండ్" అని దిద్దెను. వ్యాకరణము చక్కబడినది. శాస్త్రము చెడినది. ఏలన, "ది పాండ్" అన్నచో తెలిసిన ఒకే చెరువు అని యర్థము. ఆమె తిరిగినవి అయిదు చెరువులు. ఒక చెరువులో కనబడినది ఆ చెరువు గుణమే కావచ్చును. అయిదింటిలో కనబడినచో దానికి వేరు విలువ. ఆ విలువయంతయు మూడక్షరముల యాంగ్లపదము క్రింద అణగిపోయినది. అక్కడ కావలసినది "ఈచ్ ఆఫ్ ది ఫైవ్ పాండ్స్" అను మాట. ఆ సంగతి యంత్రమునకు తెలియదు, దుకాణదారునికి తెలియదు, నాలుగు పుటలు త్రిప్పిన గైడుగారికిని తెలియదు. వేకువను సీసాలు మోసిన ఆ బాలిక కొక్కతెకే తెలియును. ఒక్క యాంగ్లాక్షరము నెరుగని రైతు ఆ ప్రశ్నను అడుగగలిగెను. ఉపపదమనగా నదియే, "ఏది?" యని అడుగువానికి ఇచ్చు ప్రత్యుత్తరము.

తరువాతి పుటలో మరింత పెద్ద యపాయము కనబడినది. ఆమె, "మేము పరీక్షించిన చెరువులలో జియోలైటు చల్లినపిదప అమ్మోనియా కొంత తగ్గినది" అను భావమున భూతకాలమున వ్రాసినది. యంత్రము దానిని క్లుప్తము చేసి "జియోలైట్ రెడ్యూసెస్ అమ్మోనియా" అని వర్తమానమునకు మార్చెను. "రెడ్యూస్డ్" అన్నచో మేము చూచినప్పుడు తగ్గినది అని యర్థము. "రెడ్యూసెస్" అన్నచో ఎల్లప్పుడును ఎల్లచోటులను తగ్గించును అని శాసనము చేసినట్లు. ఉండి ప్రాంతపు చెరువులలో ఉప్పుదనము తక్కువ. మొగల్తూరు దిక్కున సముద్రము చేరువ. అచ్చటి ఉప్పునీటి చెరువులలో నీటియందలి లవణములే జియోలైటును ఆక్రమించికొనుటచేత అది అమ్మోనియాను పట్టుశక్తి మిక్కిలి తగ్గిపోవును. ఇది శాస్త్రజ్ఞులెల్లరు ఎరిగిన విషయము. ఆ "ఎస్" అను నొక్క యక్షరమును నమ్మి మొగల్తూరు రైతు బస్తాలు కొని చల్లి, ఇక భయము లేదని గాలిమరల వేగము తగ్గించి నిద్రపోయినచో తెల్లవారునప్పటికి వాని చెరువు ఏమగును? వ్యాకరణము పండితుల విలాసమని పలుకు మిత్రులు ఈ ప్రశ్నకు సమాధానము చెప్పవలయును. ఆమె తన ముగింపులో "మే" అను నొక శంకాపదమును గూడ ఉంచినది. యంత్రము దానిని అనావశ్యకమని తీసివేసెను. సందేహమును తీసివేసినచో వాక్యము బలపడును, నిజమే. ఆ బలము ఎవరిదని మా ప్రశ్న.

మా వాదమును వినిన యొక మిత్రుడు, "అయ్యా, మీరు యంత్రమును ద్వేషించుచున్నారు" అనెను. ద్వేషింపము. బహువచనకర్తకు ఏకవచనక్రియ వ్రాసినప్పుడు, అక్షరములు తారుమారైనప్పుడు, అది మనకన్న వేగముగా పట్టును, పట్టనిండు. తప్పును చూపుమని దాని నడుగుట యొకటి, తప్పును దిద్దుమని వ్యాసమునే అప్పగించుట మరియొకటి. వంటమనిషి ఉప్పు తక్కువయైనదని చెప్పినచో సంతోషింతుము. మన విస్తరిలోని కూరను ఎత్తుకొనిపోయి వేరుకూర వడ్డించినచో ఊరకుందుమా? మరియు, యంత్రముచేత వ్రాయించుకొనిన పాపము చివరకు వ్రాయించుకొనని వారికిని చుట్టుకొనుచున్నది. 2023లో అమెరికాలో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు, యంత్రరచనను కనిపెట్టుదుమని చెప్పుకొను ఏడు సాధనములకు, ఆంగ్లము మాతృభాష కానివారు స్వయముగా వ్రాసిన టోఫెల్ వ్యాసములను 91 చూపిరి. సగటున నూటికి అరువదికి పైగా వానిని యంత్రరచనలని ఆ సాధనములు నిందించినవి. పరిమితమైన పదసంపదతో సాదాగా వ్రాయుటయే నేరమైనది. ఇట్టి లోకమున మన పిల్లల నిజాయితీకి సాక్ష్యమేది? తమ చేతితో దిద్దిన ప్రతులే సాక్ష్యము. దుకాణమున దిద్దించుకొన్నవారికి ఆ సాక్ష్యము సైతము ఉండదు.

ఇంకొక మిత్రుడు తెలుగుననే వ్రాయరాదా యనెను. వ్రాయవలయును, శాస్త్రమంతయు తెలుగున వ్రాసి తెలుగున చదువు దినము రావలెనని మా చిరకాలపు కోరిక. కాని ఈ సంవత్సరము పరీక్షకు కూర్చున్న బాలికకు ఆ కోరిక యే విధముగను తోడ్పడదు. అంతవరకు ఆంగ్లమున వ్రాయుచుండగా తెలుగును వదలి వ్రాయవలెనను భ్రమ మాత్రము తొలగవలయును. మన తెలుగే ఆంగ్లమును దిద్దుటకు మంచి గురువని మేము నమ్ముదుము. ఇందుకొక దృష్టాంతము.

ఆ బాలిక యొకచోట "టెస్టింగ్ ది వాటర్ ఎట్ డాన్, ది అమ్మోనియా వాజ్ హై" అని వ్రాసినది. ఇందలి దోషమును ఆంగ్లవ్యాకరణపు పరిభాషతో చెప్పినచో ఆమెకు తలకెక్కలేదు. అప్పుడు మేము దానిని తెలుగున చెప్పుమంటిమి. "వేకువను నీటిని పరీక్షించి, అమ్మోనియా ఎక్కువగా ఉండెను" అని చెప్పి తానే పకపక నవ్వినది. నీటిని పరీక్షించినది అమ్మోనియా యైనది గదా! "పరీక్షించి" అను క్త్వార్థకమునకును ప్రధానక్రియకును కర్త యొక్కడే కావలెనని చిన్నయసూరి బాలవ్యాకరణము చదివినవారికి తెలియును. చదువనివారి చెవికిని తెలియును. "పరీక్షింపగా" అన్నచో కర్తలు వేరైనను చెల్లును. కావున ఆంగ్లవాక్యము "ఇంగ్"తో మొదలైనప్పుడెల్ల దానిని తెలుగున పలుకుడు. "చేసి" యనుటకు వీలైనచో ఆ వాక్యము నిలుచును. "చేయగా" యనవలసి వచ్చినచో ఆంగ్లమున కర్త తప్పిపోయినాడు, వెదకి తెచ్చుకొనుడు. ఈ సూత్రము మేము ఏ గ్రంథమునుండియు ఎత్తుకొనలేదు. ఆ సాయంకాలము ఆ యింటి అరుగుమీద దొరకినది.

ఇట్లే "వాజ్ డన్", "వాజ్ అబ్జర్వ్‌డ్" అను కర్మణిప్రయోగముల వరుస. శాస్త్రవ్యాసమనగా వ్రాసినవాడు కనబడరాదని మన కళాశాలలలో ఒక మూఢవిశ్వాసము కలదు. "నీరు తీయబడెను" అని మన యిండ్లలో ఎవరైన అందురా? ఎవరు తీసిరో చెప్పవలసిన చోట "వుయ్ కలెక్టెడ్" అని వ్రాయుట సిగ్గుమాలినతనము కాదు. తన చెరువుల నీటిని తండ్రి తీసెనా, కూతురు తీసెనా యనునది సైతము పరీక్షకునికి తెలియవలసిన సంగతియే.

మాటకు వచ్చినది గనుక మన యూరివారినే యొకరిని స్మరింతము. యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895లో ఈ భీమవరముననే జన్మించిరి. మెట్రిక్యులేషనున రెండుమార్లు తప్పి మూడవమారు గట్టెక్కినవారు. 1923లో అమెరికా చేరి, హార్వర్డులో సైరస్ ఫిస్కేతో కలసి పనిచేసి, ద్రవములలో భాస్వరమును రంగునుబట్టి కొలుచు పద్ధతిని 1925లో ప్రకటించిరి. ఆ పద్ధతి నేటికిని వారి యిరువురి పేర్లతోనే వాడుకలో నున్నది. ఆ పద్ధతితో కండరమును పరీక్షింపగా రంగు రావలసినంత వేగముగా రాలేదు. అంతవరకు పండితులు నిరింద్రియ ఫాస్ఫేటని లెక్కించుచుండిన దానిలో ఒక భాగము నిజమునకు వేరొక పదార్థమని, ఆమ్లము తగిలినంతనే విడిపోవుచుండుటచేత అందరు మోసపోయిరని వారు తేల్చిరి. ఆ పదార్థమే ఫాస్ఫోక్రియేటిన్. 1927లో సైన్స్ పత్రికలో వెలువడిన ఆ చిన్న వ్యాసపు శీర్షికలో నిరింద్రియ ఫాస్ఫేటు అను మాటకు ఇరుప్రక్కల ఉల్లేఖనచిహ్నములు కలవు. అనగా, మీరందరు ఆ పేరుతో పిలుచుచున్నారు గాని అది అది కాదు, అని. పరిశోధనాఫలమంతయు ఆ రెండు గీతలలో నున్నది. మా బంధువుల బాలిక వ్యాసమును సవరించిన దుకాణమునకు ఆ శీర్షికను పంపియుండినచో ఆ గీతలు నిలిచియుండునా యని మాకు సందేహము.

ఇంతకును దిద్దుట యెట్లని అడుగువారికి మా యనుభవమును చెప్పుదుము. వ్యాసమును ముగించిననాడే దిద్దరాదు. వారము దినములు పెట్టెలో నుంచవలయును. అప్పటికి అది కొంత పరాయిదగును. కాగితముమీద అచ్చొత్తించి, ఎర్రసిరా పట్టి, బిగ్గరగా చదువవలయును. కంటికి దొరకనిది చెవికి దొరకును. ఒక్క పఠనమున అన్ని దోషములను వేటాడినచో ఏదియు చిక్కదు. ఒకనాడు క్రియలనే చూడుడు: ఇది మేము చేసినదా, లోకమున ఎల్లప్పుడు జరుగునదా? మరునాడు నామవాచకములనే చూడుడు: ఏ చెరువు, ఎన్ని చెరువులు? పొడుగువాక్యమునకు ఊపిరి చాలనిచోట విరువుడు. యంత్రము గుర్తుపెట్టిన చోట్లను చూడుడు గాని, గుర్తు ఎందుకు పెట్టెనో తెలియనిదే మార్పునకు ఒప్పుకొనకుడు. విషయము తెలిసి భాష తెలియనివారు ఇంట నొకరున్నచో వారికి తెలుగున వినిపింపుడు. వారు అడ్డుపడిన చోటనెల్ల ఆంగ్లమునను ఏదో లోపమున్నట్లే.

కళాశాలలవారిని మేము కోరునది యొక్కటే. తుదిప్రతితో పాటు ఎర్రసిరాతో దిద్దిన తొలిప్రతిని గూడ సమర్పింపుమని అడుగుడు. దానికిని మార్కులు వేయుడు. బంగారు అక్షరముల కాలికో అట్టకు వెచ్చించు రూకలలో సగము చాలును దీనికి. గైడుగారు వ్యాసమంతయు దిద్దనక్కరలేదు; ఒక్క పుటను విద్యార్థిని ఎదుట కూర్చుండబెట్టుకొని దిద్ది చూపినచో మిగిలిన తొంబది పుటలను ఆ విద్యార్థియే దిద్దుకొనగలదు. తీరిక లేదందురు. ఒక గంట తీరిక లేని గురువునకు ఆ వ్యాసముమీద సంతకము చేయుటకు తీరిక యెట్లు కలిగినదో మాకు బోధపడదు.

ఆ బాలిక దుకాణపు ప్రతిని అవతల పెట్టి తన తొలిప్రతిని తీసికొని పదునొకండు రాత్రులు కూర్చున్నది. ఆంగ్లము అక్కడక్కడ మొరటుగనే యున్నది, ఉండనిండు. తండ్రి ప్రతి రాత్రియు విని ఏదో యొకటి అడుగుచునే యుండెను. చివరి రాత్రి నాల్గవ పట్టికను చెప్పుచుండగా, "మూడో చెరువులో ఆవేళ అంత అమ్మోనియా ఎందుకుందమ్మా?" అనెను. ఆమె నోటుపుస్తకమును తిరుగవేసి చూచినది. ఆనాటి క్రింద, రాత్రి కరెంటు పోయి గాలిమరలు నాలుగుగంటలు ఆగినట్లు తన వ్రాతతోనే పెన్సిలుతో నున్నది. యంత్రము వ్రాసిన ప్రతిలోను, ఆమె తొలిప్రతిలోను గూడ ఆ సంగతి లేదు. పట్టిక క్రింద భూతకాలమున నొక చిన్న వాక్యముగా ఇప్పుడు చేరినది.